అక్టోబరులో చూడాల్సిన ప్లాటు

గంజాం జిల్లాలో దసరా నవరాత్రులకీ తుపాన్లకీ పాత చుట్టరికం ఉంది. 1999లో ఒడిశాను ముంచిన మహా తుపాను అక్టోబరు 29న వచ్చింది కనుక అందరికీ అదే గుర్తు. దానికి పన్నెండు రోజుల ముందు, అక్టోబరు 17న, గోపాలపూర్ దగ్గర మరో తీవ్ర తుపాను తీరం దాటి బరంపురాన్ని కుదిపేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ దాటింది కూడా గోపాలపూర్ దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి, అక్కణ్ణుంచి మలుపు తిరిగి గజపతి, గంజాం కొండల మీద కుండపోతగా కురిసింది. గంజాంను తాకిన ఈ మూడూ నవరాత్రుల్లోనే. అంతకు ముందు, 1990 నవంబరు మొదట్లో, రుషికుల్య పొంగి అస్కా ఊరిని ముంచెత్తింది.

బరంపురం శివార్లలో ఇంటి స్థలం కొనేవాళ్లు ఈ తేదీలను కాస్త జాగ్రత్తగా చూడాలి. జూన్‌లో పడే పది సెంటీమీటర్ల వానా, అక్టోబరులో పడే పది సెంటీమీటర్ల వానా నేల దృష్టిలో ఒకటి కావు. జూన్‌లో నేల నెర్రెలిచ్చి ఉంటుంది, చెరువులు అడుగంటి ఉంటాయి, మొదటి వానలు ఎక్కడికక్కడ ఇంకిపోతాయి. అక్టోబరు నాటికి నాలుగు నెలల నైరుతి వానలు తాగి మట్టి రంధ్రాలన్నీ నిండి ఉంటాయి. చెరువులు అలుగు దాకా ఉంటాయి. భూగర్భ జలమట్టం పైకొచ్చి ఉంటుంది. అప్పుడు తుపాను వస్తే పడిన నీరు పడినట్టే పల్లానికి పరుగు తీస్తుంది. 2013లో ఫైలిన్ వెళ్లిన పది రోజులకే, ఏ తుపానూ లేకుండా, ఒక అల్పపీడనం తెచ్చిన వానలకు గంజాంలో వరద మళ్లీ వచ్చింది. ఆ రెండో వరదకు గాలి అవసరం లేకపోయింది. నేల అప్పటికే నిండి ఉంది, అంతే.

అయితే స్థలాలను మనకు చూపించేది ఏప్రిల్, మే నెలల్లో. బూట్లకు బురద అంటని కాలం అది.

ఇక్కడి భూమి తీరు కూడా తొందరపాటుది. పశ్చిమాన తూర్పు కనుమలు. అందులో మహేంద్రగిరి సముద్రానికి కనుచూపు దూరంలోనే 1,501 మీటర్ల ఎత్తుకు లేచి ఉంది. సముద్రం మీంచి వచ్చే తడిగాలి ఈ గోడకు తగిలి పైకెక్కి, చల్లబడి, మోసుకొచ్చిన నీటిని దించేస్తుంది. ఆ నీటిని సముద్రానికి చేర్చే నదులు పొట్టివి. కంధమాల్ జిల్లా దారింగిబాడి కొండల్లో పుట్టే రుషికుల్య గంజాం ఊరి దగ్గర సముద్రంలో కలిసేదాకా 165 కిలోమీటర్లే ప్రయాణిస్తుంది. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక ఎగరేస్తారు. ఆ నీరు ధవళేశ్వరం చేరేలోపు లంక గ్రామాల వాళ్లకు పశువులను గట్టుకు తోలుకునే వ్యవధి ఉంటుంది. రుషికుల్య అంత వ్యవధి ఇవ్వదు. కొండల్లో రాత్రి కురిస్తే, బడనది వచ్చి కలిసే చోటున్న అస్కాకు తెల్లారేసరికి వరద తగులుతుంది. నది చివర విశాలమైన డెల్టా కూడా లేదు, నీరు పాయలుగా విడిపోయి మెత్తబడటానికి.

బరంపురం మాత్రం ఏ పెద్ద నది ఒడ్డునా లేదు. ఈశాన్యాన రుషికుల్య, దక్షిణాన బాహుదా, రెండూ ఊరికి దూరమే. అందుకే ‘మా ఊరికి వరద ఏమిటి’ అనే ధీమా ఇక్కడ ఎక్కువ. నిజానికి నగరాల్లో నీట మునిగే ఇళ్లలో చాలా భాగానికి నదితో సంబంధం ఉండదు. ఊరి మీద కురిసిన వాన ఊరు దాటి బయటికి పోలేక నిలిచిపోతుంది. నది వరదకు గట్లు, హెచ్చరిక కేంద్రాలు, కేంద్ర జల సంఘం వారి కొలత స్థావరాలు ఉంటాయి. రుషికుల్యకు పురుషోత్తంపూర్ దగ్గర అలాంటి కొలత స్థావరం ఉంది. కాలనీ చివర గెడ్డ పొంగితే కొలిచేవాళ్లెవరూ ఉండరు.

మన కోస్తా అంతటికీ వర్తించే మరో చిక్కు ఉంది. కొండలు పడమర, సముద్రం తూర్పు, కాబట్టి వాగులన్నీ పడమర నుంచి తూర్పుకు. చెన్నై–హౌరా రైలు కట్ట, దాని పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి తీరం వెంట పోతాయి, అంటే ప్రతి వాగునూ అడ్డంగా కోస్తూ. నీటికి మిగిలిన దారులు వంతెనలు, కల్వర్టులు, తూములే. ఒక కల్వర్టు ఎంత నీరు వదలగలదో అంతే వదులుతుంది, మిగతాది కట్టకు పడమర వైపున చెరువులా నిలుస్తుంది. రోడ్డు పక్క స్థలం అంటే ధర ఎక్కువ కదా, అదే రోడ్డుకు ఎగువ పక్కన, కల్వర్టుకు ఎదురుగా ఉన్న స్థలం వాన లేనప్పుడు మాత్రమే ఆ ధర చేస్తుంది. విజయవాడలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు చూశాం: నీరు వచ్చినంత వేగంగా పోలేదు, రోజుల తరబడి ఇళ్లల్లోనే ఉంది. వరద నష్టంలో ఎత్తుతో పాటు ఎన్నాళ్లు నిలిచిందన్నదీ లెక్కే.

ఇప్పుడు లేఅవుట్ సంగతి. 2001లో 3.08 లక్షలున్న బరంపురం జనాభా 2011 నాటికి 3.56 లక్షలయింది. 2008లో మునిసిపాలిటీ కార్పొరేషన్‌గా మారింది. ఊరు పెరిగేది ఎక్కడికి? చుట్టూ ఉన్న వరి పొలాల్లోకి. పొలం ప్లాట్లుగా మారితే నీటి లెక్కలో ఏం జరుగుతుందో కాస్త విడమరిచి చూడాలి. సంగతంతా ఇక్కడే ఉంది.

ఒక ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది దాదాపు 4 లక్షల లీటర్లు. ఆ ఎకరం వరి మడి అనుకుందాం, చుట్టూ 15 సెంటీమీటర్ల గట్టు. పైరుకు పెట్టిన నీరు 5 సెంటీమీటర్లు అప్పటికే ఉన్నా, ఇంకా 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. అంటే ఆ వాన మొత్తాన్ని ఆ మడి, ఒక్క చుక్క కింది పొలానికి వదలకుండా, పట్టుకోగలదు. పైరు మునుగుతుందనుకుంటే రైతు గట్టుకు గండి కొడతాడు, నిజమే. కానీ అప్పుడు కూడా నీరు మడి నుంచి మడికి, అక్కణ్ణుంచి బందకు (చిన్న చెరువుకు), బంద అలుగు దాటి గెడ్డకు మెల్లగా దిగుతుంది. ఈ ఆలస్యం వరద ఇంజనీరుకు బంగారం. మొత్తం నీరు అంతే ఉన్నా, ఒక్కసారిగా రాకపోతే కాలువ తట్టుకుంటుంది.

అదే ఎకరంలో గట్లు తీసేసి, సిమెంటు రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, వాకిళ్లకు టైల్సు పరిచారు. పడిన వానలో ఎంత భాగం వెంటనే పారిపోతుందన్నదాన్ని ఇంజనీర్లు ఒక గుణకంతో చెబుతారు. పొలానికి అది 0.3 దగ్గర ఉంటే, దట్టంగా కట్టిన కాలనీకి 0.8 దాటుతుంది. పది ఎకరాల లేఅవుట్ మీద గంటలో 60 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. పడిన నీరు సుమారు 2,430 ఘనపు మీటర్లు. గుణకం 0.3 నుంచి 0.8కి మారితే అదనంగా పారేది అందులో సగం, 1,215 ఘనపు మీటర్లు, అంటే పన్నెండు లక్షల లీటర్లు. అది కూడా గంట వ్యవధిలో. కింద ఉన్న పాత కాలువ ఆ పది ఎకరాలు పొలంగా ఉన్నప్పటిది.

ఆ అదనపు నీటిని లేఅవుట్‌లోనే కాసేపు ఆపాలంటే ఎంత చోటు కావాలి? మీటరున్నర లోతు గుంట అయితే 810 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇరవై సెంట్లు. పది ఎకరాలకు ఇరవై సెంట్లు, రెండు శాతం. మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే పల్లపు మైదానంగా ఉండి, వాన నాడు నిండి, సన్నటి గొట్టం గుండా కొన్ని గంటల్లో ఖాళీ అయ్యేలా దాన్ని కట్టవచ్చు. ఖాళీ అవడం ముఖ్యం. మంచినీళ్ల చెరువు నిండుగా ఉండాలని కోరుకుంటాం. వరదను ఆపే గుంట ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఒకే గుంటతో రెండు పనులూ చేయించాలని చూస్తే అక్టోబరులో అది దేనికీ పనికిరాదు. గొట్టం దిగువన పోయే కాలువ గుంట అడుగు కంటే పల్లంలో ఉండాలన్న షరతూ ఉంది. చదునైన చోట అది కుదరదు, అప్పుడు లోతు తగ్గించి వైశాల్యం పెంచాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచాక విశ్వేశ్వరయ్య చేసిన సూచన కూడా, పెద్ద ఎత్తున, ఇదే: నీరు ఊళ్లోకి రాకముందే ఎగువన ఆపి తీరుబడిగా వదలమన్నాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టాయి.

రెండు శాతానికి ఒప్పుకోని లేఅవుట్లు సాధారణంగా చేసేది వేరు. టిప్పర్లతో గ్రావెల్ తోలి స్థలాన్ని రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు చేస్తారు. ‘ఫిల్లింగ్ చేసిన ప్లాటు’ అన్నది ప్రకటనల్లో గొప్ప. ఆ స్థలం మునగకపోవచ్చు. అక్కడ నిలవాల్సిన నీరు మాత్రం ఆవిరైపోదు, పక్కవాడి వాకిట్లో తేలుతుంది. పక్కవాడు మరుసటేడు మూడడుగులు ఎత్తు చేస్తాడు. ఈ పోటీలో చివరికి ఓడేది వీధిలోని పాత పెంకుటిల్లు, అందులో ఉన్న ముసలివాళ్లు. నా అభిప్రాయంలో ఇంటిని స్తంభాల మీద లేపడం వేరు, నేలనే లేపడం వేరు. మొదటిది నీటికి చోటు వదులుతుంది. ఈ తేడా అనుమతి పత్రాల్లో కనిపించాలి.

మరో తప్పుడు పొదుపు గెడ్డను గొట్టంలోకి దించడం. పైన రోడ్డు వస్తుంది, రెండు ప్లాట్లు కలిసొస్తాయి. మూడడుగుల గొట్టం బదులు అడుగున్నర గొట్టం వేస్తే సగం నీరు పోతుందని ఎవరైనా అనుకుంటారు. అదే వాలులో అది మోయగలిగేది ఆరో వంతు కూడా కాదు. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది, పైగా గోడల రాపిడి పెరిగి వేగమూ తగ్గుతుంది. అందులో ఒక అరటి గెల మొండెమో, నాలుగు ప్లాస్టిక్ సంచులో అడ్డంపడితే లెక్కే అక్కర్లేదు. తెరిచిన గెడ్డయితే కనీసం పొంగేటప్పుడు పక్కలకు పరుచుకుంటుంది, పూడిక కంటికి కనిపిస్తుంది.

గెడ్డకు ఎంత ఎడం వదలాలన్నదానికి ఒక పోలిక చూద్దాం. ఆంధ్ర, తెలంగాణ భవన నియమాల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు వదిలిపెట్టి కట్టమని ఉంది. పది మీటర్లలోపు వాగుకైతే 2 మీటర్లే. ఆ రెండు మీటర్లు నాకెప్పుడూ పిసినారి లెక్కగానే తోస్తుంది. కాలనీలను ముంచేవి ఎక్కువగా ఈ చిన్న వాగులే కదా.

‘వందేళ్ల వరద’ అన్న మాట స్థలాల విషయంలో చాలా అపార్థాలకు మూలం. నిరుడే వచ్చింది కనుక మనవళ్ల కాలం దాకా బెంగ లేదనుకుంటారు. ఆ మాటకు అర్థం ఏ ఏడాదిలోనైనా అంత వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. నిరుడు వచ్చినా ఈ ఏడూ అదే ఒక వంతు. ఇరవై ఏళ్ల గృహరుణం తీరేలోపు వందేళ్ల వరద ఒకసారైనా చూసే అవకాశం 18 శాతం. ఇల్లు యాభై ఏళ్లు నిలిస్తే దాదాపు 40 శాతం. పాతికేళ్ల వరద గీత లోపల కొన్నవారికి రుణం తీరకముందే అది గడప తొక్కే అవకాశం 56 శాతం, అంటే బొమ్మా బొరుసా కంటే కాస్త ఎక్కువ. ఈ అంకెలు కూడా గడిచిన కాలపు కొలతల మీద కట్టినవి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. కాబట్టి నిన్నటి వందేళ్ల వాన రేపు అంతకంటే తరచుగా రావచ్చు. ఊళ్లలో మురుగు, వాన కాలువలను మాత్రం ఏడాదికో, రెండేళ్లకో, మహా అయితే అయిదేళ్లకో ఒకసారి వచ్చే వానకు సరిపడా కడతారు. అంతకు మించిన వాన వస్తే నీరు వీధుల్లో పారుతుందని కట్టినవారికి ముందే తెలుసు. కొన్నవారికే తెలియదు.

దీనికి కాగితం మీద పరిష్కారం 1975 నుంచే ఉంది. ఆ ఏడాది కేంద్ర జల సంఘం వరద మైదానాల మండలీకరణకు ఒక నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకు పంపింది. దాని వెనకున్న ఆలోచన తేలిక: మునిగే నేలను వాడొద్దని కాదు, దేనికి వాడాలో చూసి వాడమని. ఆసుపత్రులు, విద్యుత్తు కేంద్రాలు, పరిశ్రమలు వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. ఇళ్లు, కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు పాతికేళ్ల వరద మట్టానికి పైన, ప్రమాదం ఉన్న చోట స్తంభాల మీద. పార్కులు, ఆటస్థలాలు తరచుగా మునిగే పల్లంలో ఉన్నా ఫరవాలేదు. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొద్ది రాష్ట్రాలు తప్ప మిగతావి దాన్ని చట్టం చేయలేదు. చట్టమైన చోట కూడా గీతలు గీయడం దగ్గర ఆగిపోయింది. గీత గీస్తే దాని లోపలి స్థలం ధర పడిపోతుంది, ఆ స్థలం ఉన్నవాడు ఊరుకోడు.

గీత లేనప్పుడు కొనేవాడే గీసుకోవాలి. ఒడిశా భూమి రికార్డులో ‘కిసం’ అనే గడి ఉంటుంది. వానాకాలపు వరి భూమి అయితే అందులో శారద అని, ఇంటి స్థలమైతే ఘరబారి అని, కాలువలైతే, చెరువులైతే ఆ పేర్లతోనే ఉంటుంది. భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద దరఖాస్తు పెడితే వ్యవసాయ భూమి ఇంటి స్థలంగా మారుతుంది. దాంతో కాగితం మారుతుందే గాని నేల మట్టం మారదు. అందుకని ఇప్పటి కిసం చూసి ఊరుకోకుండా పాత పట్టాలో ఏముందో, పక్క సర్వే నంబర్లు ఏమిటో, గ్రామ నక్షాలో పిల్ల కాలువ గీత ఈ ప్లాటు మీదుగా పోతుందో లేదో చూడాలి. గీత ఒకవైపు నుంచి వచ్చి లేఅవుట్ హద్దు దగ్గర మాయమైతే అక్కడ అడగాల్సిన ప్రశ్న ఉంది.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఏళ్ల తరబడి తీసిన ఉపగ్రహ చిత్రాలతో ఒడిశాకు వరద ప్రమాద పటాల పుస్తకం తయారుచేసింది. మేఘాల గుండా చూడగల రాడార్ చిత్రాలు అందులో కీలకం. మహానది డెల్టాలో నీరు రోజుల తరబడి నిలుస్తుంది కనుక ఉపగ్రహం దాన్ని పట్టుకుంటుంది. గంజాం వాగుల వరద రాత్రి వచ్చి మధ్యాహ్నానికి దిగిపోతే, ఉపగ్రహం పైకొచ్చేసరికి నేల ఆరి ఉంటుంది. ఇళ్ల మధ్య సందుల్లో నిలిచిన నీరు రాడార్‌కు సరిగ్గా కనబడదు కూడా. కాబట్టి ఆ పటంలో రంగు ఉంటే నమ్మండి, రంగు లేకపోతే అప్పుడే నమ్మకండి. దానికంటే పనికొచ్చే సాక్ష్యం చుట్టుపక్కల పాత గోడల మీద ఉంటుంది: మోకాలి ఎత్తులో ఒకే మట్టంలో సాగే మరక, గడప ముందు కట్టుకున్న అడుగెత్తు సిమెంటు దిమ్మ, మెట్ల పక్కన మూడో మెట్టు ఎత్తుకు ఎక్కించిన కరెంటు మీటరు. ఫైలిన్‌కి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని బ్రోకరును కాక, ఆ వీధిలో పాలు పోసేవాణ్ణి అడగాలి.

ఫైలిన్ తరువాత ఇక్కడ జరిగిన ఒక పని చెప్పుకోదగ్గది. ప్రపంచ బ్యాంకు రుణంతో ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ చేపట్టిన పునర్నిర్మాణ పథకంలో గంజాం, పూరీ, ఖుర్దా జిల్లాల్లో మట్టి ఇళ్లవాళ్లకు పక్కా ఇళ్లు కట్టించారు. పట్టా భార్యాభర్తల ఇద్దరి పేరా ఇచ్చారు, ఇళ్లకు బీమా చేయించారు. అదే పథకంలో బరంపురం నగరానికి విడిగా ఒక భాగం పెట్టి మురికివాడల బాగుకూ వాన కాలువలకూ డబ్బు కేటాయించారు. తుపాను పునర్నిర్మాణం అంటే తీరంలో ఇళ్లు అనుకునే చోట, నగరపు కాలువలను కూడా అందులో చేర్చడం మంచి బుద్ధి. చిక్కేమిటంటే కాలువ కట్టేది పాత ఊళ్లో, దానికి నీరు పెరిగేది కొత్త శివార్లలో. శివారు ఎంత వేగంగా సిమెంటు అవుతుందో చూసి కాలువ కొలత వేయకపోతే, కట్టిన కొద్ది ఏళ్లకే అది ఇరుకవుతుంది.

సముద్రం పక్కన నియమం మరీ సూటిగా ఉంది. రుషికుల్య ముఖద్వారం దగ్గర తెలుగు మత్స్యకారుల ఊరు పోడంపేట. నది ముఖం ఒక చోట నిలిచేది కాదు, ఇసుక దిబ్బలు జరుగుతుంటాయి, వాటితో పాటు అలల దాడీ జరుగుతుంటుంది. ఆ ఊరి ఇళ్లు వరస తరవాత వరస సముద్రంలో కలిసిపోయాయి, చివరికి కుటుంబాలు లోపలికి కొత్త కాలనీకి తరలాల్సి వచ్చింది. గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్లు కట్టడాలు వద్దని తీర నియంత్రణ మండలం నియమం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న తీర గ్రామాల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. గోపాలపూర్ వైపు సముద్రం కనిపించే ఫ్లాట్ల ప్రకటనలు చూసేవారు ఈ సంగతి తెలుసుకుని చూడటం మేలు.

ఇప్పటికే కొనేసినవాళ్లకు చేయగలిగింది తక్కువ, కానీ శూన్యం కాదు. స్విచ్ బోర్డులూ మీటరూ నడుము ఎత్తుకు పైన పెట్టించుకోవచ్చు. నీళ్ల సంపు మూత చుట్టూ దిమ్మ కట్టించుకోవచ్చు, లేకపోతే వరద నాడు మొదట చెడేది తాగునీరే. మరుగుదొడ్డి గొట్టానికి నీరు వెనక్కి తన్నకుండా ఒక కవాటం పెట్టించుకోవచ్చు. అది లేని ఇళ్లల్లో వరద వీధి వాకిలి గుండా రాక ముందే స్నానాలగది తూము గుండా వస్తుంది. వాకిలంతా టైల్సు పరవకుండా సగమైనా మట్టిగా వదిలేయొచ్చు. ఇంటి కాగితాల సంచీ అటక మీదే ఉంచుకోవచ్చు. లేఅవుట్ సంఘం ఉంటే, ఖాళీగా మిగిలిన ఉమ్మడి స్థలంలో కల్యాణ మంటపం కట్టాలని తీర్మానం పెట్టిన రోజున, అది లేఅవుట్‌లో అన్నిటికంటే పల్లపు చోటా కాదా అని ఒకరైనా లేచి అడగవచ్చు.